దీర్ఘం లేని వాక్యం

కర్నూలు పెద్దాసుపత్రి రికార్డు గదిలో
ఇరవై రెండేళ్ళుగా నా పని
ఇతరులు రాసిన కాగితాలకు దుమ్ము దులపడం.
నేను రాసేది అట్టమీద నంబరు ఒక్కటే.

ఆ కేసు షీటు కోర్టుకు పోయి వచ్చింది, మళ్ళీ పోయింది.
మద్దిలేటి, ముప్పై నాలుగు, బేతంచెర్లలో బండల పాలిష్ పని.
రాత్రి పన్నెండుంబావు. కడుపునొప్పి, రెండు వాంతులు.
ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు, నెత్తురు చుక్క లేదు.
ఫ్యాక్టరీ వెనక చల్లటి బండమీద పడుకున్నాడని
ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.
హౌస్ సర్జన్ హేమలత, డ్యూటీలో ముప్పయ్యో గంట,
గ్యాసని రాసి సూది రాసింది.
ఆరింటికి షీటు కింద అడ్డగీత.

కట్లపాము అట్లాగే కరుస్తుందట,
దోమకన్నా మర్యాదగా.
ఆ మాట చెప్పడానికి ల్యాబుకు మూడు నెలలు పట్టింది.

కానీ మూడో పేజీ అంచున
రెండున్నర బీపీకీ నాలుగున్నర బీపీకీ మధ్య ఇరుకులో
నీలి రీఫిల్‌తో తెలుగులో ఉంది:
‘కండ్లు ముతలు పడతండయి. పము చుడండి.’
పక్కన ఒక టిక్కు.

అప్పుడే రాసి ఉంటే, చదివి కూడా చూడలేదని
డాక్టరమ్మ మీద కేసు.
తర్వాత ఇరికించి ఉంటే, దొంగరాతని
అదే డాక్టరమ్మ మీద ఇంకో కేసు.
లాయరు ఖాజా హుస్సేన్ కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు,
ఒక్క వరుస, రెండు వైపులా పదును.

హైదరాబాదు నుంచి దస్తూరీ నిపుణుడొచ్చాడు.
హేమలత చేత, సిస్టర్ మార్తమ్మ చేత, ఫార్మసిస్టు చేత
పేజీలకు పేజీలు రాయించాడు.
‘పము’ను భూతద్దం కింద అరగంట చూశాడు.
టిక్కుకు దస్తూరీ ఉండదన్నాడు.
టీ తాగి రైలెక్కాడు.

ఆయాలను పిలవలేదు.
ఆయాకు రాయడం వస్తుందనే గడి
ఏ ఫారంలోనూ లేదు.

నాకు తెలుసు.
ప్రతి ఒకటో తారీఖు జీతాల రిజిస్టరులో
‘మరెక్క’ అని సంతకం పెడుతుంది మారెక్క.
రాత్రిబడిలో దీర్ఘాల పాఠం రాకముందే
పంతులుకు బదిలీ అయిందట.

ప్రమాణం చేయించి అడిగారు, గుర్తుపట్టగలరా?
‘లేదు సార్’ అన్నాను.
కేసు షీటు ముట్టుకునే హక్కు ఆయాకు లేదు,
ఆమెకింకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది.
షీటులోని వాక్యం ఎవరిదో తేలలేదు గానీ
ఈ వాక్యం ఎవరిదో కోర్టు టైపు కొట్టుకుంది.
నా పేరు, నా తండ్రి పేరు, నా హోదా.

వారం తిరక్కుండా వార్డులో మాట పాకింది,
హేమలతే ఎవరి చేతో రాయించిందని.
నేను లేదన్న చోట
వాళ్ళు ఆమెను నిలబెట్టారు.

ఫినాయిలు బక్కెట్ల దగ్గర మారెక్కను అడిగాను.
‘వాని పెండ్లాము అనింది సారూ, కండ్లు మూతలు పడ్తాండాయని.
మా పెద్దక్క కొడుకూ అట్లే పోయినాడు, చేనికాడ పండుకోని.
డాక్టరమ్మకు రెండుతూర్లు చెప్పినా.
ఊ అనింది, పాపం, నిలబడే నిద్రపోతాంది.
మీరు రాసిండేదే గదా సదివేది.
అందుకే సిస్టరు పెన్ను తీసుకోని రాసినా.’

మాట అతని భార్యది. భయం ఈమెది.
టిక్కు నిద్రదేమో.
ఇందులో రాసినవారు అనే గీత మీద
ఏ పేరు పట్టిస్తుంది?

రేపు పదిన్నరకు మళ్ళీ సమను.
రిజిస్టరు సంచిలో పెట్టుకున్నాను,
తీశాను, పెట్టుకున్నాను.

మారెక్క గుడ్డ పిండుతూ అంది,
‘చెప్పు సారూ, ఏం కాదు.
నా పేరు రాసేటప్పుడు మాత్రం నువ్వే సరిగ్గా రాయి.
యాడో ఒకటి తప్పుతాది నాకు.’